మూడు సిలిండర్ల మీద నా పూచీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. దేశం కాని దేశంలో, బ్లాక్‌టౌన్ అనే పేటలో గోడౌన్ ఉద్యోగం, మధ్యాహ్నానికల్లా షిఫ్టు అయిపోయేది, నలుగురం పంచుకున్న ఇంట్లో కూర్చోవడానికి కుర్చీ కూడా కరువే. అందుకని తిన్నగా లైబ్రరీకి పోయేవాణ్ణి. చలికాలం హీటరు, ఎండాకాలం ఏసీ, ఏడాది పొడుగునా పుస్తకాలు. ముందు వంట పుస్తకాలు చదివాను (వంట రాలేదు), తర్వాత తోటపని చదివాను (తోట లేదు), ఆ వరసలోనే మోటారు వాహనాల అర దగ్గరికొచ్చి అతుక్కుపోయాను. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్ల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. దాన్ని ఎన్నిసార్లు తెచ్చుకున్నానంటే, కౌంటర్లో కూర్చునే పెద్దావిడ నన్ను చూడగానే అడక్కుండానే గడువు పెంచేసేది. మొదటి అధ్యాయం మరీ చిన్నపిల్లల పాఠంలా ఉందని వదిలేశాను. రెండో దాని నుంచి కంఠతా వచ్చేసింది. నాకప్పటికి కారు లేదు, లైసెన్సూ లేదు. నాది రైల్లో తిరుగుతూ సంపాదించిన ఇంజన్ జ్ఞానం.

సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ కూతురికి పగలంతా తోలితే గానీ చేరని టూవూంబా అనే ఊళ్లో, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. అంతకు ముందు రెండు ఉద్యోగాలు చేతిదాకా వచ్చి జారిపోయాయి. ఇదీ పోతే వీసా కూడా దాని వెంటే పోతుంది. సోమవారం పొద్దున్నే డ్యూటీలో చేరాలి, ఆ ఊళ్లో కారు లేకపోతే అడుగు కదలదు. బావేమో పాతదైనా పెద్ద ఇంజనున్న బండి కొందామన్నాడు. నేను ఊరుకుంటానా? లీటరు ఇంజన్, మూడు సిలిండర్లు, టర్బో ఉన్న ఒక చిన్న కారు చూపించాను.

"మూడేనా? నాలుగోది ఏమైందిరా, అద్దెకిచ్చారా?" అన్నాడు బావ.

పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడిగాలే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందనీ, ఆ చక్రం బయటి గాలిని ఇంజన్లోకి బలంగా తోస్తుందనీ, అందుకే ఈ లీటరు ఇంజన్ తనకంటే పెద్దవాటికి దీటుగా లాగుతుందనీ చెప్పాను. సరైన ఆయిలు వేళకు మార్చి, మంచి పెట్రోలు పోసి, బాగా తోలాక ఆపేముందు ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనిస్తే మనకంటే ఎక్కువ కాలం బతుకుతుందన్నాను. బావ అంతా విని, కొండెక్కుతుందా అని ఒక్కటే అడిగాడు.

"ఎక్కడం కాదు బావా, ఎగురుతుంది. పూచీ నాది."

"వాడు అంత చదివాడు కదా, వాడి మాట విందాం" అంది అక్క. ఆ ఒక్క మాటతో కారు వచ్చేసింది.

శనివారం పక్కపేట ద పాండ్స్‌లో ఆంటీ వాళ్ల ఇంటి ముందు కారుకి పూజ (మా అందరికీ ఆవిడ ఆంటీయే, పేరు ఏమిటని ఎవరమూ అడగలేదు). చక్రాల కింద నిమ్మకాయలు, హారతి, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. పళ్లెంలో పసుపు, కుంకుమ, బంతిపూలు, మడత పెట్టిన ఆకుపచ్చ జాకెట్టు ముక్క మిగిలాయి. ఆంటీ బానెట్ ఎత్తమంది. బొట్టు బయట రేకుకి కాదట, లోపల గుండెకి పెట్టాలట. ఇంజన్ ముందు నిలబడి నేను నోరు మూసుకున్న చరిత్ర లేదు. ఇది టర్బో ఆంటీ, కణకణలాడుతుంది. ఇది నీళ్ల గొట్టం, ముట్టుకోకండి. ఇదిగో ఈ మూల చల్లగా ఉంటుంది, ఇక్కడ ఏం పెట్టినా సేఫ్ అని విడమరిచి చెప్పాను. ఆవిడ ప్రతిదానికీ ఊ కొట్టింది. ఆ తర్వాత నేను వీధిలో కుక్కతో పోతున్న పొరుగాయనకి ఇంజన్ లాగే బలం కొలిచే న్యూటన్ మీటర్ల గురించి చెప్పడంలో పడ్డాను.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాం. దారిలో టామ్‌వర్త్ అనే ఊరి దాకా బండి నా పరువు నిలబెట్టింది. ఫర్వాలేదురా నీ మూడు సిలిండర్లు అని బావ అననే అన్నాడు. అలా అన్న కాసేపటికే కొండ మొదలైంది. బావ కాలు అదిమాడు. బండి ఒక మూలుగు మూలిగి నీరసించిపోయింది. స్టీరింగు వెనక పసుపురంగు హెచ్చరిక దీపం వెలిగింది. కారు వెనక చక్రాల ఇంటినే తగిలించుకుని లాక్కుపోతున్న ముసలి దంపతులు మమ్మల్ని దాటిపోతూ చెయ్యి ఊపారు. పక్కకి తీసి ఆపితే ఇంజన్ పసిపిల్లలా హాయిగా గురకపెడుతోంది. మళ్లీ ఎక్కిద్దామంటే మళ్లీ అదే మూలుగు.

నేను పుస్తకం విప్పాను (నోటితోనే, అసలుది లైబ్రరీలో ఉంది). బానెట్ ఎత్తకుండానే టర్బో గొట్టం ఎక్కడో లీకైందన్నాను. కాదు, వాల్వుల మీద మసి పేరుకుందన్నాను. అదీ కాదు, ఒత్తిడి తగ్గించే మూత బిగుసుకుందన్నాను. బావ ఓపిగ్గా విని, ఇన్ని రోగాలున్నదాన్ని ఎలాగూ ఆసుపత్రికేగా తీసుకెళుతున్నాం, అక్కడే చేర్పిద్దాం అన్నాడు. దారిలో ఆగిన బళ్లని బాగుచేసేవాళ్లకి ఫోన్ చేస్తే ఆదివారం కాబట్టి చాలా సేపు పడుతుందన్నారు. అక్క ఇస్త్రీ చేసిన యూనిఫాం నలగకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒరేయ్, రేపు పొద్దున నేనక్కడ ఉంటానా?" అంది మెల్లిగా.

నేను బాగుచేసేవాళ్ల నంబరుకి మళ్లీ ఫోన్ కలిపాను.

అప్పుడే ఆంటీ ఫోన్ చేసింది. బావ స్పీకర్లో పెట్టాడు. ఎంతవరకు వచ్చారు, టిఫిన్ తిన్నారా అని అడిగాక ఆవిడ అసలు సంగతికొచ్చింది.

"ఆ జాకెట్టు ముక్క తీసి అమ్మాయి పెట్టెలో పెట్టారా? మంచిది."

"ఏ జాకెట్టు ముక్క ఆంటీ?" అన్నాను.

"అదే బాబూ, ఇంజన్లో పెట్టింది. నువ్వేగా ఆ ప్లేస్ చూపించావు, కూల్‌గా ఉంటుంది, సేఫ్ అని."

ఇంజన్లో ఆ మూల ఎందుకు చల్లగా ఉంటుందో తెలుసా? బయటి గాలి లోపలికి పోయే దారి అక్కడే కాబట్టి. బానెట్ ఎత్తి చూస్తే ఆకుపచ్చ గుడ్డ జారి, గాలి గొట్టం మూతి మీదే వాలి ఉంది. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ మెల్లిగా పీలుస్తుంది కాబట్టి గుడ్డ వదులుగా ఉండేది. కొండ మీద దమ్ముకొద్దీ పీల్చేసరికి ఠక్కున అతుక్కునేది. ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే ఎవరు మాత్రం పరిగెత్తగలరు?

బావ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "దీన్ని పుస్తకంలో ఏమంటార్రా?"

అక్క నవ్వడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క ఇనుప కమ్మీ మీద కూలబడి, యూనిఫాం నలిగిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది. తర్వాత ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో పెట్టుకుంది. ఆ కొండని బండి ఎక్కలేదు, నేను చెప్పినట్టే ఎగిరింది. సోమవారం అక్క డ్యూటీ వేళకంటే ముందే వార్డు తలుపు దగ్గర నిలబడింది.

తిరిగొచ్చాక ఆ పుస్తకం మొదటి అధ్యాయం చదివాను. ఇంజన్‌కి అన్నిటికంటే ముందు కావలసింది గాలి అని మొదటి వాక్యంలోనే ఉంది.

ఆ కారు ఇప్పటికీ తిరుగుతోంది. ఆయిలు వేళకు మారుస్తూ బావ దానికి రాజభోగాలు జరిపిస్తున్నాడు. మొన్న వెళ్లినప్పుడు అక్క కూతురు దాని సొరుగులోంచి వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ తీసి, "మామా, డాడ్ సేస్ యూ న్యూ ఎవ్రీథింగ్. ఈజ్ దట్ ట్రూ?" అని అడిగింది. నిజమేనమ్మా, అప్పట్లో అన్నీ తెలుసు అన్నాను. ఇప్పుడు నాకూ ఒక కారుంది, లైసెన్సూ ఉంది. పసుపు దీపం వెలిగినప్పుడల్లా బానెట్ ఎత్తి ముందు ఆ చల్లటి మూలకే చూస్తాను. అక్కడ ఏమీ ఉండదు. ఎందుకో తెలియదు గానీ, కాస్త నిరాశగా ఉంటుంది.