మైక్రోమీటరుకి పెట్టిన బొట్టు

కిరోసిన్ వాసన నాకు గిట్టదు. మొన్న అటక మీది ట్రంకుపెట్టె దింపి తెరిస్తే, నూనెగుడ్డలో చుట్టిన నాన్న మైక్రోమీటరు బయటపడింది; ఆ గుడ్డలోంచి కిరోసిన్ వాసన తగలగానే లేచి కిటికీ తెరిచాను.

డెబ్బైల్లో తిరువూరు బస్టాండు వెనకాల మాకు లేత్ షెడ్డుండేది. మిరప చేలకీ మామిడి తోటలకీ నీళ్లు తోడే ఆయిలింజన్లన్నీ మరమ్మతుకి అక్కడికే వచ్చేవి. ఇనప రజనూ, మాడిన నూనే, వేసవిలో రెడ్డిగూడెం నుంచి బస్సు మీద దిగే మామిడిపళ్ల గంపలూ కలిసి ఒకటే వాసన. లేత్ కింద రాలిన ఉక్కు చుట్టల్ని గాజులని తొడుక్కుని మేము ఆడపిల్లలం మణికట్లు కోసుకునేవాళ్లం. గోడ మేకుకి ఒక పాత ఫ్యానుబెల్టు వేలాడేది. అది ఏ ఇంజనుకీ కాదని నా వీపుకి బాగా తెలుసు.

అంత కోపిష్ఠి నాన్న కూడా మైక్రోమీటరు దగ్గర మాత్రం పసిపిల్లని ఎత్తుకున్నట్టుండేవాడు. వెంట్రుక మందాన్ని కూడా కొలిచే పనిముట్టది. వాడగా వాడగా దాని దవడలు అరుగుతాయని, రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని, కచ్చితమైన కొలతున్న ఉక్కు ముక్కని వాటి మధ్య బిగించి, గీతకి గీత కలిసిందో లేదో చూసేవాడు. ఆ ముక్క తాళంలో, తాళంచెవి ఆయన మొలతాడుకి. లేత్ మీద పనంతా చేసేది ఆయన తమ్ముడు, మా బాబాయే అయినా, ఆయన్ని కూడా ఆ ముక్కని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక యేడు దసరాకి ఆయుధపూజ. పులిహోర, బూరెలు, షెడ్డు ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. పనిముట్లకి బొట్లు పెట్టడం నా వంతు. సుత్తికి పెట్టాను, లేత్‌కి పెట్టాను, మైక్రోమీటరుకి పైన పెడితే చాలదా! నోరు తెరుచుకునుంది కదా అని రెండు దవడల లోపలా పసుపు మెత్తి కుంకం అద్దాను. నా చేతులు పడిపోను.

మర్నాడు తెల్లారే నాన్న తాళంచెవితో సహా బెజవాడ వెళ్లాడు, సామాన్లకి. వినగడప రైతొకాయన మిరపతోట ఎండిపోతోందని తొందరపెడితే బాబాయి ఆయన ఇంజనుకి షాఫ్టు చేసిచ్చాడు. దవడల్లో ఎండిన పసుపు షాఫ్టుని ఉన్నదానికంటే లావుగా చూపించింది. బాబాయి ఆ మేరకి ఇంకా సన్నం చేశాడు. షాఫ్టు వదులై కొట్టుకుంది. రెండోరోజు బావి దగ్గర ఇంజను పగిలి, లోపలి రాడ్డు బయటికి దూసుకొచ్చి ఆ రైతు కాలెముక విరిగింది.

ఆ సాయంత్రం నాన్న బస్సు దిగేసరికి రైతు అన్నదమ్ములు షెడ్డులో ఉన్నారు. చొక్కా పట్టుకుని బజారంతా చూస్తుండగా నాన్న చెంపలు వాయించి పోయారు. వాళ్లటు వెళ్లగానే ఆయన మేకు మీది బెల్టు తీసి బాబాయి మీద పడ్డాడు.

నాలుగు దెబ్బలయ్యాక బాబాయి అన్నాడు: "సరిగ్గానే కొలిచానన్నయ్యా. మైక్రోమీటరు ఒకసారి చూడు."

నాన్న ఉక్కు ముక్క తెచ్చేలోపు బాబాయి మైక్రోమీటరు విప్పాడు. దవడల్లో పసుపు. తలెత్తి, గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. తరవాత లుంగీ అంచుకి కిరోసిన్ అద్ది, దవడలు శుభ్రంగా తుడిచి, అన్న చేతికిచ్చాడు.

గీతకి గీత కలిసింది.

"దీనికేం రోగంరా? రోగం నీ కళ్లకి," అని నాన్న మళ్లీ మొదలెట్టాడు. బెల్టు చెంప మీదా చెవి మీదా పడింది. బాబాయి ఎడమ చెవిలోంచి నెత్తురు కారి మెడ మీదికొచ్చింది. ఒక్క ముక్క చెబితే ఆగిపోయేది. నా వీపు గుర్తొచ్చి గుమ్మం వెనక్కి తప్పుకున్నాను. సిగ్గులేని దాన్ని, ఆ పూట అన్నం కూడా తిన్నాను.

ఆ చెవికి మళ్లీ వినపళ్లేదు. తమ్ముడిదే తప్పనుకుంటూనే నాన్న పోయాడు. ఆయిలింజన్లు పోయి కరెంటు మోటార్లొచ్చాయి, షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది. బాబాయి నెమలి అనే ఊళ్లో ఉంటున్నాడు. మొన్న మైక్రోమీటరు పట్టుకెళ్లి చేతికిస్తే, విప్పి దవడలు వెలుతురుకి పెట్టి చూసి, పంచె అంచుతో తుడిచాడు.

పక్కన అరుగు మీద కూర్చున్నాను. "బాబాయ్, ఆ పసుపు నేనే పెట్టాను. చెప్పాల్సింది," అన్నాను.

ఆయన రోడ్డు వంకే చూస్తున్నాడు. నేను కావాలనే ఆయన ఎడమవైపు కూర్చున్నాను. లేచి కుడివైపుకి వెళ్లి ఆ మాట మళ్లీ చెప్పే ధైర్యం ఈ వయసులోనూ రాలేదు.