టవలు కింద బేరం

ఆలూరు బజారులో మా నాన్న పగ్గాల కొట్టున్న చోట ఇప్పుడు ఫోన్ల షోరూముంది. నిన్న అక్కడ అలవాటు కొద్దీ బేరమాడితే, అమ్మే పిల్ల ఫక్కున నవ్వింది.

నార బండి వస్తే నాన్న టవలు కింద చెయ్యి పెట్టి, ధర ఎవరికీ తెలియకుండా వేళ్లతోనే బేరమాడేవాడు. మధ్యాహ్నమైనా తెగేది కాదు. ఒకరోజు పక్క కొట్టు సేటుతో మాత్రం టవలు కప్పీ కప్పకముందే తీసేశాడు.

"మా నాయన గెలిచినాడు మామా!" అంటూ మా కొట్టులో తాళ్లు పేనే కాశింమామ దగ్గరికి గంతులేశాను.

"అమ్మిండేది ఏందో తెలుసునా అబ్బీ? ఈ కొట్టే. ఇంగ నేను యాడికి పోవాల?" అన్నాడు, పేనడం ఆపకుండానే.

బేరమాడాలంటే, వద్దని లేచి వెళ్లే దారొకటి ఉండాలి. నాన్నకు అది లేదని, ఇన్నేళ్లు ఊరందరితో బేరాలాడాక గానీ నా బుర్రకెక్కలేదు.