నోరు తెరిచి చూపించు

మా అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. మెట్ల కింద ఇరుకు కొట్టు, ఆకురాయి రొద, చొక్కా నిండా ఇత్తడి రజను. లోకంలో అందరూ దొంగలేనని అతని గట్టి నమ్మకం. బీరువాకి రెండు తాళాలు, ఆఖరికి బియ్యం డబ్బాకీ రెండే. వీధిలో అతని పేరు డబుల్ తాళం. వదిన కూడా గంతకు తగ్గ బొంతే! అతను తాళాన్ని అనుమానిస్తే, ఆవిడ తాళం వేసినవాణ్ణి అనుమానిస్తుంది.

అన్నయ్యకి హెచ్.ఐ.వి. ఉందని తెలిసినప్పుడు వదిన ఏడ్చింది, తిట్టింది, తనూ పరీక్ష చేయించుకుంది. తనకి లేదు. అయినా వదిలి వెళ్ళలేదు. అన్నయ్య రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోగా, కొన్నాళ్ళకి రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గింది. ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పాకే వదిన చాప మళ్ళీ అతని చాప పక్కకి చేరింది.

అలాంటిది ఈ మధ్య పరీక్షలో వైరస్ మళ్ళీ తలెత్తింది.

"మాత్రలు మానేశావా?" అంది డాక్టరమ్మ.

"ఒట్టమ్మా! ఒక్క పూట కూడా మానలేదు."

దొంగలందరూ చెప్పే మాట అదే కదా! తోడబుట్టినదాన్ని, నాకే నమ్మకం కలగలేదు. వదిన బయటికి రాగానే తేల్చేసింది.

"జబ్బుతో కాపురం చేశాను. అబద్ధంతో చెయ్యను. దొరికావో, ఆ రోజే మా అక్క ఇంటికి పోతాను."

ఇక మొదలైంది కాపలా. మాత్రల డబ్బా వదిన చేతికి వెళ్ళింది. మింగగానే, "నోరు తెరువు. నాలుక ఎత్తు." అంత వయసు మనిషి చంటిపిల్లాడిలా నోరు తెరిచి నిలబడితే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇంతా చేస్తే తర్వాతి పరీక్షలోనూ వైరస్ దిగలేదు! కొట్టుకి వెళ్ళి కక్కేస్తున్నాడని వదిన అనుమానం. నాదీ అదే.

ఒక ఉదయం ఇద్దరం చెప్పాపెట్టకుండా కొట్టు మీద పడ్డాం. అన్నయ్య గబుక్కున ఏదో సొరుగులోకి తోసి తాళాలు వేశాడు.

"తియ్యి," అంది వదిన.

"ఏం లేదే."

"ఏం లేనిదానికి రెండు తాళాలా?"

తీశాడు. సగం ఖాళీ అయిన సీసా. సారా అనుకుని వదిన మూత తీసి వాసన చూసింది. పుదీనా వాసన.

"గుండెల్లో మంట," అన్నాడు అన్నయ్య తల దించుకుని. "చాన్నాళ్ళ నుంచీ ఉంది. చెబితే మళ్ళీ ఏం రోగం తెచ్చావంటావని భయం. కొట్టు తియ్యగానే ఈ మందు రెండు గుక్కలు పోసుకుంటున్నా."

వదిన ఒక చేత్తో సీసాని, ఇంకో చేత్తో మొగుణ్ణి పట్టుకెళ్ళి డాక్టరమ్మ ముందు పెట్టింది. సీసా మీది అక్షరాలు చదివి డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఇదిగో మీ దొంగ! మాత్ర వెనకాలే ఇది తాగితే, మాత్రని పేగుల్లోనే పట్టేస్తుంది. రక్తంలోకి సరిగ్గా చేరనివ్వదు. నాకెందుకు చెప్పలేదయ్యా?"

మంటకి వేరే మందు రాసింది. కొన్ని నెలలకి వైరస్ మళ్ళీ కనబడకుండా పోయింది. వదిన కాయితం తిప్పి తిప్పి చూసింది.

"వైరస్ అణిగినా ఒంట్లో కాపలా కణాలు వెంటనే చల్లబడవు," అంది డాక్టరమ్మ. "శత్రువు కనబడకపోయినా రెచ్చిపోయే ఉంటాయి. అలా ఉంటే గుండెకీ రక్తనాళాలకీ మంచిది కాదు. మాత్ర మానకు, సిగరెట్ ముట్టకు."

అన్నయ్య ఓరగా చూశాడు. "అలాంటిది మా ఇంట్లోనూ ఒకటుందమ్మా."

వదిన చురచురా చూసింది.

మర్నాడు పొద్దున నేను అక్కడే ఉన్నాను. వదిన మాత్ర అతని చేతిలో పెట్టి, "ఇక చూడను. వేసుకో," అని పొయ్యి వైపు తిరిగింది. హమ్మయ్య, నమ్మింది! నా ప్రాణం కుదుటపడింది.

అప్పుడు చూశాను. పొయ్యి పక్కన గోడకి ఆనించిన స్టీలు పళ్ళెంలో అన్నయ్య మొహం తళతళలాడుతోంది. వదిన కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఎంత గడుసుది! చెప్పేద్దామని అన్నయ్య వైపు తిరిగాను.

అతను మాత్ర మింగేసి, ఆ పళ్ళానికేసి నోరు బార్లా తెరిచి, నాలుక ఎత్తి నిలబడి ఉన్నాడు.