ఓడలో కప్పల జత

అనకాపల్లిలో సండేస్కూలు చెప్పే బెన్‌హర్ మాస్టారికి జలప్రళయంలో ప్రాణుల్ని ఓడెక్కించి కాపాడిన నోవహు కథంటే ప్రాణం. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, ఒక్కో జంతువు గొంతుతో అరుస్తూ జతలు జతలుగా ఓడెక్కిస్తాడు. బుగ్గలు పూరించి కప్పలా బెకబెకమంటే పిల్లలు పడీపడీ నవ్వుతారు. దేవుడు చేసిన ఏ ప్రాణీ వృథా కాదంటూ చివర్లో కళ్ళు తుడుచుకుంటాడు. తడి మాత్రం ఉండదు. అంతటి దయామయుడికి చర్చి వెనక గుంటలోని కప్పల అరుపు ప్రార్థనకి అడ్డమైంది. బస్తాడు బ్లీచింగ్ పౌడరు కుమ్మరించి, పొట్టలు పైకి తేలిన కప్పల్ని చూసి "స్తోత్రం" అన్నాడు.

మరుసటి ఏడు, 2006లో, వానలు కాలం తప్పి పడ్డాయి. నడివేసవిలోనూ గుంట ఎండలేదు, దోమలు ముసిరాయి. చికున్‌గున్యా వచ్చి మాస్టారి మోకాళ్ళు పట్టేశాయి. "దేవుడు నాకెందుకమ్మా ఈ శోధన పెట్టాడు" అని చర్చి ఊడ్చే దీనా దగ్గర మూలిగాడు.

"శోధనేటండీ? కాలం సూత్తే ఇలా తిరగబడింది, ఏడాదంతా దోమలే. ఆటిని తినే కప్పల్ని మీరే సంపేసేరు. నోవహు ఎక్కించిన కప్పల్ని మీరెందుకు దించేసేరండీ?"

మాస్టారు ఆలోచించాడనే అనుకోవాలి. ఆ ఆదివారం కుర్చీలో కూర్చునే నోవహు కథ మళ్ళీ చెప్పాడు. ఓడలోకి కప్పలు మాత్రం ఎక్కలేదు.