పెట్రోలు బండి, పాకం తాత

డిగ్రీ పట్టాకి వేయించిన లామినేషన్ వేడి ఇంకా ఆరని ఆ రోజుల్లో, నాకు తెలియని విషయాలు రెండు మూడింటికి మించి ఉండేవి కావు. (అవేమిటో మాత్రం తెలిసేది కాదు.) బీఎస్సీ ఫిజిక్స్‌లో చాలామంది ఏ మార్కుల దగ్గర ఆగిపోతారో నేనూ అక్కడే మర్యాదగా ఆగి, అనకాపల్లి హైవే పక్కన ఒక బండ్ల షోరూములో సేల్స్ ట్రైనీగా చేరాను. మెడకి టై, చేతిలో నలభై పేజీల బ్రోచరు. మా ఎండకి ఆ టై ఏం చేసేదో చెప్పను గాని, మధ్యాహ్నానికి నన్ను చూసినవాళ్ళు బండి సంగతి అడగడం మానేసి ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు.

మా కంపెనీ పికప్ ఒకటి ఉండేది. చిన్న ట్రాలీ ఆటోకీ లారీకీ మధ్య సైజు. బెల్లం, వరి బస్తాలు, చెరకు, పెళ్ళిబృందాలు (ఇది రూల్స్‌కి విరుద్ధం, కాబట్టి ఎక్కువగా ఇదే) మోసి, రోలుగుంట కొండల దాకా పేరు తెచ్చుకున్న బండి. అది ఊరి మొదట్లో ఉండగానే దాని చప్పుడుకి ఇంట్లో ఆడవాళ్ళు అన్నం వడ్డించేసేవారట. అలాంటి బండిని కంపెనీవాళ్ళు ఏ కారణమూ చెప్పకుండా ఆపేశారు. కొన్నేళ్ళ తరవాత, అలిగి వెళ్ళిన అల్లుడు తనంతట తానే తిరిగొచ్చినట్టు, అదే పేరుతో మళ్ళీ వచ్చింది. వెళ్ళినప్పుడు ఒక్క డీజిల్ ఇంజన్‌తో వెళ్ళింది. వచ్చేటప్పుడు కొత్తగా టర్బో పెట్రోలు ఇంజన్ ఒకటి వెంటబెట్టుకొచ్చింది. రెండిట్లో నచ్చింది ఎంచుకోవచ్చు. ఎంచుకోమంటే మావాళ్ళు అందరూ కలిసి ఒకటే ఎంచుకుంటారన్న సంగతి కంపెనీకి తెలియదు. పెట్రోలు మోటారు సైకిళ్ళు తాగే పానీయమనీ, బరువు మోసేది ఏదైనా డీజిలే తాగాలనీ మా ప్రాంతంలో గట్టి నమ్మకం. అంచేత డీజిలు బండ్లు వచ్చినవి వచ్చినట్టే వెళ్ళిపోయాయి. పెట్రోలుది మాత్రం, తెల్లది, యార్డులో మూడు నెలలుగా ఒంటరిగా నిలబడి ఉంది. రోజూ దాని మీద దుమ్ము తుడవడం నా ఉద్యోగంలో ముఖ్యభాగం.

ఒకరోజు మేనేజరుగారు నన్ను పిలిచి, నా ట్రైనింగు ఈ నెలతో అయిపోతుందని గుర్తు చేశారు. తరవాత అద్దంలోంచి ఆ తెల్లబండిని చూపించి, "నెలాఖరులోపు అది గేటు దాటాలి. అది దాటకపోతే నువ్వు దాటుతావు" అన్నారు. చాలా మృదువుగానే అన్నారు. ఉద్యోగం పర్మనెంటు అయిపోయిందని మా నాన్న అప్పటికే వీధంతా చెప్పేసి, ఇద్దరు ముగ్గురికి కాఫీలు కూడా ఇప్పించి ఉన్నాడు.

అప్పుడు నాకు మా బావ గుర్తొచ్చాడు. మా అక్క పెళ్ళై ఆరు నెలలైంది. బావది బుచ్చయ్యపేట పక్క పల్లె. సొంత చెరకు, సొంత గానుగ, సొంత అభిప్రాయాలు. పాతబండి ముసలిదైపోయింది, కొత్తది కొంటాడని అక్క చెప్పింది. ఫోన్ చేస్తే వెంటనే, "వత్తాను బావా. డీజిలుది తీసి కడిగి ఉంచు" అన్నాడు. పెట్రోలు మాట ఎత్తబోయాను. "పెట్రోలు బండి కొన్నానని తెలిత్తే ఊళ్ళో నాకు పిల్లనిచ్చినోళ్ళని తిడతారు" అన్నాడు. (ఆ పిల్లనిచ్చినవాళ్ళం మేమే.) నెలాఖరుకి నాలుగు రోజులుంది.

మర్నాడు పొద్దున్నే బావ వచ్చాడు. వెంట ఒక సన్నటి ముసలాయన. "ఈయన మా పాకం తాత. బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఈయనే సెప్పాలి. గేదె కొన్నా, మోటారు కొన్నా తాత సెయ్యెట్టి సూడందే మేం కొనం" అని పరిచయం చేశాడు బావ. తాతని పెళ్ళిలో చూసిన గుర్తుంది. నమస్కారం పెడితే నవ్వి తలూపాడు. బావని ఒప్పించాలంటే దారి ఈ తాతేనని నాకు అర్థమైంది. అక్కడే నిలబెట్టి హార్స్ పవర్ అంటే ఏమిటి, టార్కు అంటే ఏమిటి, గానుగెద్దుతో పోల్చి, న్యూటన్‌ని కూడా కొంచెం కలిపి పావుగంట చెప్పాను. తాత ప్రతి మాటకీ తలూపాడు. నా జీవితంలో అంత శ్రద్ధగా విన్న మనిషి మరొకరు లేరు.

ముందు డీజిలుది స్టార్టు చేశాను. మూసి ఉన్న బానెట్ మీద తాత అరచెయ్యి పరిచి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. "గట్టిదే" అన్నాడు. బావ చెక్కు మీద సంతకం పెట్టేవాడిలా జేబులో పెన్ను తడుముకున్నాడు. నేను తొందరగా డీజిలు ఆపేసి, తెల్లబండి ఎక్కి కూర్చుని, తాళం తిప్పి స్టార్టు చేసి, గేరు న్యూట్రల్లో ఉంచి, కిటికీలోంచి తల బయటపెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే హైవే మీద సిమెంటు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయాక అంతా ప్రశాంతం.

"బావా, సౌండు వినబడుతోందా?"

బావ చెవి ఒగ్గాడు. "లేదు."

"వినబడదు! ఇంజన్ నడుస్తున్నట్టే తెలీదు. పొగ చూడు. ఉందా?"

బావ వెనక్కి వెళ్ళి సైలెన్సరు దగ్గర వంగి చూసి వచ్చాడు. "ఈసమంత లేదు!"

"అదీ టెక్నాలజీ. స్టీరింగు పట్టుకుని చూడు, వణుకుందా?"

"ఓర్నీ! మా ఇంట్లో గోడగడియారం దీనికన్నా గోల సేత్తాది గదా బావా!"

నాకు ఉత్సాహం వచ్చేసింది. పిస్టన్ల సమతుల్యం గురించి, కంపెనీ ఇంజనీర్ల తపస్సు గురించి మొత్తం పది నిమిషాలు మాట్లాడాను. లోపల అద్దం వెనకనుంచి మేనేజరుగారు మాట వినబడకపోయినా బొటనవేలు ఎత్తి చూపించారు. ఆ సమయంలో తాత బానెట్ మీద చెయ్యి పెట్టి, తీసి, జాగా మార్చి మళ్ళీ పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"నేదు" అన్నాడు.

"ఏటి నేదు తాతా?" అని బావ చేత్తో సైగ చేశాడు.

"పేణం నేదు."

నేను జాలిగా నవ్వాను. పెద్దవాళ్ళకి కొత్త టెక్నాలజీ అలవాటు పడడానికి టైము పడుతుందని వివరించబోతే, బావ నా కిటికీ దగ్గరకి వచ్చి, "తాతకి వినబడదు బావా. సిన్నప్పట్నుంచీ అంతే. నువ్వేటి సెప్పినా తలూపుతాడు, మంచోడు. పాకం ఉడుకు కూడా తెడ్డు మీద సెయ్యెట్టి, వణుకుని బట్టి సెప్పేత్తాడు" అన్నాడు. పావుగంట న్యూటన్ ఎక్కడికి పోయాడో అప్పుడు తెలిసింది. (పెళ్ళిలో తెలియలేదంటే, పెళ్ళిలో ఎవరి మాట ఎవరికి వినబడింది కనక.) పాపం, శబ్దమే తెలియని మనిషికి నిశ్శబ్దం గొప్పతనం ఏం అర్థమవుతుందని అనుకున్నాను. సరే, కదిపి చూపిస్తే తాతకీ తెలుస్తుంది కదా అని గేరు వెయ్యడానికి క్లచ్ తొక్కాను.

బండి ఒక్కసారి ఉలిక్కిపడి స్టార్టయింది.

తాత చటుక్కున చెయ్యి వెనక్కి తీసి, మళ్ళీ పెట్టి, పళ్ళులేని నోటితో హాయిగా నవ్వాడు. "ఇదిగో, ఇప్పుడొచ్చినాది!"

బావ బానెట్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. తరవాత చాలా నెమ్మదిగా అడిగాడు: "అయితే ఇందాకట్నించీ నువ్వు దేని గురించి సెప్పేవు బావా?"

డాష్‌బోర్డు మీద ఒక పచ్చ దీపం అప్పుడే ఆరింది. అది ఇందాకటినుంచీ వెలుగుతూనే ఉండి ఉంటుంది. బండి న్యూట్రల్లో ఊరికే నిలబడితే కొన్ని సెకన్లకి ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంది, క్లచ్ తొక్కితే లేస్తుంది. ఈ ఏర్పాటు పెట్రోలు రకానికి మాత్రమే ఉంది. బ్రోచరులో పదకొండో పేజీ. ఆ పేజీ నాకు కామాలతో సహా కంఠతా వచ్చు. అది నిజంగా జరుగుతుందని మాత్రం అనుకోలేదు. ఉన్నదున్నట్టు బావకి చెప్పేశాను. బావ ముందు నవ్వాడు, తరవాత టైరు మీద చెయ్యి ఆనించి నవ్వాడు, చివరికి నేలమీద కూర్చుని నవ్వాడు. చెవులున్న ఇద్దరం ఆగిపోయిన ఇంజన్‌ని పది నిమిషాలు మెచ్చుకున్నాం.

నేను బండి దిగాను. తాత నా దగ్గరకి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్చడానికనుకున్నాను. కాదు, చూస్తున్నాడు. ఒక్క క్షణం ఆగి, వినబడని వాళ్ళు మాట్లాడేటంత గట్టిగా, షోరూమంతటికీ చెప్పాడు: "ఒరే, ఈడు లోపల్లోపల వణికిపోతన్నాడ్రా! ఈడికేదో ఉన్నాది!"

బావ నవ్వు ఆపి లేచాడు. "ఏటి బావా?"

నెలాఖరు, గేటు, నాన్న ఇప్పించిన కాఫీలు, అన్నీ చెప్పాను.

"ముందే సెప్పొచ్చు గదా?"

"చెబితే జాలిపడి కొన్నట్టుంటుందని."

"నేను జాలిపడి కేజీ బెల్లం కొనను, బండి కొంటానా?" అని, బావ బట్టలు దులుపుకుని తెల్లబండి చుట్టూ మళ్ళీ ఒక ప్రదక్షిణం చేశాడు. "ఇదిగో, నిలబడితే ఆగిపోద్దన్నావు. నిజమేనా, ఇదీ బ్రోచరు పేజీయేనా?" బెల్లం యార్డు బయట లోడుతో వంతు కోసం గంటలకొద్దీ నిలబడాలిట. వాళ్ళ డ్రైవరుకి ఇంజన్ ఆపడమంటే నామోషీట. ఆ గంటలన్నీ బండి నిలబడే తాగుతూ ఉంటుందిట. తాతకి సైగలతో విషయం చెప్పాడు. తాత నాచేత ఇంజన్ ఆరుసార్లు ఆపించి ఆరుసార్లు లేపించాడు. ఆనక ముందుసీట్లో కూర్చుని, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, ఓవర్ బ్రిడ్జి ఎక్కించి దింపమన్నాడు. దిగి తీర్పు చెప్పాడు: "పనున్నప్పుడు వణుకుద్ది. పని నేనప్పుడు తొంగుంటాది. మనిసికన్నా నయం."

మనిషి అన్నప్పుడు ఆయన నా వైపు చూశాడని బావ అంటాడు. నేను గమనించలేదు.

తెల్లబండి నెలాఖరుకి ఒక రోజు ముందు, మెడలో బంతిపూల దండతో గేటు దాటింది. నేను ఇవతలే ఉండిపోయాను. అద్దం వెనకనుంచి మూకీ సినిమా చూసిన మేనేజరుగారు, ఫీచరుని కస్టమరే కనిపెట్టేలా చెయ్యడం నా పథకమని నిర్ణయించుకుని, మిగతా ట్రైనీలకి ఆ పద్ధతి నేర్పమన్నారు. నేను కాదనలేదు. కోటవురట్ల నుంచి వచ్చిన ఒకాయన మీద ఒక ట్రైనీ ఇంకో పెట్రోలు బండి పెట్టి ఆ పద్ధతి ప్రయోగిస్తే, ఆయన పది నిమిషాలూ ఓపిగ్గా విని, "ముందు బండి బాగుచేయించుకోండి బాబూ" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఏసీ గదుల్లో ఇంకా పెద్ద వస్తువుల గురించి ఇంకా ఎక్కువసేపు మాట్లాడతాను. ఏ మాటకీ గొంతు వణకదు. నాకు తెలియని పేజీ దగ్గర కూడా. అక్కావాళ్ళ ఊరు వెళ్తే పాకం తాత అరుగు మీద కూర్చుని ఉంటాడు. నన్ను చూస్తే చాలు, పళ్ళులేని నవ్వు నవ్వి, పక్కన జాగా చేసి, రమ్మని చెయ్యి చాపుతాడు. ఆ టై కట్టుకున్న కుర్రాడైతే వెళ్ళి ధైర్యంగా ఆ చేతి కింద కూర్చునేవాడే. నేను మాత్రం, చెయ్యి వేసి చూసి "నేదు" అంటాడేమోనని, నమస్కారం పెట్టి కొంచెం ఎడంగా కూర్చుంటాను.