నేను గీసిన మొక్కల ఫిల్టరు

అప్పట్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటి కూడా ఉండేది కాదు. డిగ్రీ చేతికొచ్చి నాలుగు నెలలు కాలేదు, తాడేపల్లిగూడెం నుంచి రోజూ ఏలూరు వెళ్ళి వచ్చే ఉద్యోగం, మెడలో ఫొటో ఉన్న కార్డు. కిరాణా కొట్టుకి వెళ్ళినా ఆ కార్డు తీసేదాన్ని కాదు. చెరువు నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు మాది. కొల్లేరు చుట్టుపక్కల రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, డాక్టరు ముందు కూర్చున్నట్టు కూర్చునేవారు. పుట్టినప్పటినుంచీ చేపల మధ్యే బతికిన ఆ మనుషులకి చేపల గురించి నేను చెప్పేదాన్ని. వాళ్ళు వినేవారు కూడా. (గోదావరి మర్యాద అటువంటిది.)

ల్యాబు ముందు గదిలో ఒక అద్దాల తొట్టి ఉండేది. రైతులకి నమ్మకం కలగాలని మేనేజరు గారు పెట్టించారు. అందులో చేపలు వారానికి రెండు చొప్పున వెల్లకిలా తేలి ఆ నమ్మకాన్ని కలిగిస్తూ ఉండేవి. వచ్చిన ప్రతివాళ్ళూ ముచ్చటపడి చిటికెడు మేత వేస్తే నీళ్ళు పాడవక ఏమవుతాయి? ఒకరోజు ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన (నేను బాబాయ్ గారూ అనేదాన్ని) సీసా బల్ల మీద పెట్టబోతూ, తేలుతున్న చేపని చూసి ఆగిపోయారు. "ఏవండీ, మీ తొట్టిలో చేపలే దక్కట్లేదు, మా చెరువేం దక్కుద్దండీ?" అని ఎంతో మృదువుగా అడిగి, సీసా మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన వెనకాలే మరో ఇద్దరు. మేనేజరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను బాగుచేస్తాను సార్" అన్నాను. "చెయ్యమ్మా. బాగుపడితే నీ ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే అప్పుడు చూద్దాం" అన్నారాయన. ఆ రెండో మాట నాకు వినపడలేదు.

ఫోనులో పదకొండు వీడియోలు చూసి నిపుణురాలినైపోయాను. ఏర్పాటు సులువే. పై తొట్టిలో పొర్లిన నీళ్ళు గొట్టం గుండా కింద అల్మారాలోని రెండో తొట్టిలో పడతాయి. అక్కడ మొక్కల వేళ్ళ మధ్య నుంచి వెళ్ళి స్పాంజి దాటుతాయి. చేపల మలినం మొక్కలకి ఎరువవుతుంది. తేటపడ్డ నీటిని చివర్లో మోటారు మళ్ళీ పైకి పంపుతుంది. ఇదంతా పెద్ద చార్టు మీద మూడు రకాల ఆకుపచ్చ రంగులతో గీశాను. గొట్టం మూతికి జల్లెడ పెట్టాలన్న సంగతి ఒక్కటే అందులో లేదు. (బాణం గుర్తులు మాత్రం చాలా బాగా వచ్చాయి.)

మొక్కల కోసం కొల్లేరు ఒడ్డున మా మావయ్య ఊరు వెళ్ళాను. కాలవలోంచి నాచూ, అంతర తామరా వేళ్ళతో, బురదతో సహా లాగి సంచిలో కూరుకుంటుంటే ఆయన గట్టు మీద నిలబడి చూశారు. "మేం పీకి పారేసేవాటిని మోసుకుపోతన్నావేంటమ్మా?" "ఇది సైన్సు మావయ్యా." "సైన్సయినా సరే, కడుక్కుని వాడు తల్లీ." కడిగితే మంచి బ్యాక్టీరియా పోతుందని ఆయనకి పావుగంట పాఠం చెప్పాను. ముప్పై ఏళ్ళుగా చెరువులు చేస్తున్న మనిషి, పాపం, తల ఊపుతూ చివరిదాకా విన్నారు.

రెండు వారాల్లో నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. పై తొట్టిలోనూ అందానికి నాలుగు మొక్కలు నాటి, వేలెడైనా లేని గప్పీ చేపలు ముప్పై వదిలాం. ఒక్కటీ చావలేదు. రిజిస్టరులో రోజూ "చనిపోయినవి: సున్నా" అని రాసి కింద గీత కూడా గీసేదాన్ని. కాకపోతే చేపలు కొంచెం తక్కువగా కనపడేవి. "అమ్మాయ్, తగ్గినట్టు లేవూ?" అన్నారు మేనేజరు గారు. "ఆరోగ్యంగా ఉన్న చేపలు మొక్కల చాటునే ఉంటాయండీ" అన్నాను. ఈ సూత్రం ఆయనకి ఎంత నచ్చిందంటే వచ్చిన రైతులందరికీ చెప్పడం మొదలుపెట్టారు. రెండుసార్లు కొత్త గప్పీలు తెప్పించారు. అవి కూడా అమితమైన ఆరోగ్యంతో కనపడకుండా పోయాయి.

రెండున్నర నెలల తర్వాత ఉండి బాబాయ్ గారు మళ్ళీ వచ్చారు. మేనేజరు గారే కబురు పెట్టి పిలిపించారు. ఆయన తొట్టి ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "నీళ్ళు బాగున్నాయండీ. చేపలేవండీ?" మేనేజరు గారు సూత్రం చెప్పారు. ఆయన తల ఊపి, వంగి, కింద అల్మారా తలుపు తీశారు. నా మొక్కల్ని కాసేపు చూశారు. ఆకులు ఒక్కసారి కదిలాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి వేళ్ళ మధ్య చెయ్యి పెట్టి, జానెడు కొర్రమీనుని బయటికి తీశారు. నల్లగా, నున్నగా, ఏ లోటూ లేకుండా పెరిగింది. నేను కడగని బురదలో పిల్లగా వచ్చి, గొట్టంలోంచి జారిపడే గప్పీలని పడ్డవి పడ్డట్టే ఆరగించింది.

"అంటే నీళ్ళు మంచివనే కదండీ" అన్నాను, చివరి ఆశగా.

"కొర్రమీను బురదలోనైనా బతుకుద్దమ్మా" అన్నారాయన, నన్ను నొప్పించకుండా.

ఇంకేం మిగల్లేదు. "గొట్టానికి జల్లెడ పెట్టలేదండీ. మొక్కలు కడగమన్నా కడగలేదు. చేపలు ఎటు పోతున్నాయో నాకు తెలీలేదండీ" అన్నాను. మేనేజరు గారు కుర్చీలో కూలబడ్డారు. బాబాయ్ గారు మాత్రం సంచిలోంచి సీసా తీసి నా ముందు పెట్టారు. "ఇదోసారి చూడండి మేడం గారూ. తెలిసింది చెప్పండి. తెలీకపోతే ఇందాకటిలా చెప్పేయండి, చాలు."

ఉద్యోగం పర్మనెంటు కాలేదు, ఇంకో ఆరు నెలలు చూద్దామన్నారు. మర్నాడు గొట్టం మూతికి టీ వడపోసే జల్లెడ కట్టాను. ఆ తర్వాత వదిలిన గప్పీలు నిజంగానే బతికాయి. కొర్రమీనుని మాత్రం ఆ రోజే తన కళ్ళ ముందునుంచి తీసెయ్యమన్నారు మేనేజరు గారు. మూతున్న బక్కెట్టులో వేసుకుని ఆ సాయంత్రమే రైలెక్కాను. భీమడోలు దాటాక పక్కనున్న ఆవిడ మూత సందులోంచి తొంగి చూసి, "భలే ఉందమ్మా, ఎక్కడ కొన్నావు?" అంది. పొద్దుటినుంచి అంత తలవంపులు పడిన పిల్లని, కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "కొనలేదండీ, నేనే పెంచాను" అన్నాను.

అప్పటి ఆ పిల్లని తిట్టుకోవాలని చాలాసార్లు అనుకుంటాను. తీరా తలుచుకునేసరికి నవ్వొస్తుంది. అంత ధీమాగా ఒక్క జవాబు చెప్పి ఎన్నేళ్ళయిందో!