ఉచ్చీరప్ప మడుగులో చుట్టాలు

కౌతాళం ఉచ్చీరప్ప నీటిపిట్టను పిట్ట పేరుతో పిలిస్తే ఒట్టు. ఊరందరికీ బొల్లికోడి అయినది ఆయనకు మాత్రం ఊళ్లో ఎవరో ఒకరు. కాలువ నీళ్లు నిలిచే మడుగు పక్కనే ఆయన వరిమడి. పొద్దున్నే గట్టెక్కాడంటే పలకరింపులతోనే పూట గడిచిపోయేది.

“నుదుట ఇబూది పెట్టుకోని ఉండాదే, అది అంగడి లక్ష్మమ్మ. ఎర్రబొట్టు పెట్టుకోని తోక ఎగరేస్తాండాదే, అది మా భీమమ్మ,” అనేవాడు.

భీమమ్మ ఆయన భార్య. తోక మాట ఆమె చెవిన పడిన రోజు పప్పులో ఉప్పు ఉండేది కాదు.

పక్షుల లెక్క కోసం ఆదోని నుంచి జీషాన్ సారు వచ్చి, పిట్టల వాడుక పేర్లు చెప్పమని పాపం ఉచ్చీరప్పనే అడిగాడు. మర్నాడు ఫోన్ చేసి, “పెద్దాయనా, మీరు చెప్పింది పిట్టల జాబితానా, ఓటర్ల జాబితానా?” అని వాపోయాడు.

అదే ఊరి పుల్లన్నకు ఈ గోల పట్టదు. నందవరం నుంచి కొత్తల్లుడు వస్తున్నాడు. నీటికోడి పులుసు తినిపిస్తానని అల్లుడికి మాట ఇచ్చేశాడు, మాట పోతే పరువు పోయినట్టే. మడుగు జమ్ములో ఉచ్చులు పెడితే తెల్లారేసరికి నుదుట తెల్లబొట్టున్న ఓ బొల్లికోడి చిక్కింది. సంచిలో వేసుకోబోతుంటే వెనక నుంచి ఉచ్చీరప్ప గొంతు.

“యాడికి తీసకపోతాండావప్పా మీయమ్మను?”

పుల్లన్న చెయ్యి ఆగిపోయింది. వాళ్లమ్మ ముత్తమ్మ పోయి మూడేళ్లు.

“ఇది మాయమ్మ ఎట్లయితాదన్నా?”

“ఆ సూపు సూడు. నువ్వు బడి ఎగ్గొట్టినప్పుడు ఇట్లే సూసేది గదా.”

చూడకూడదనుకుంటూనే చూశాడు. ఖర్మ, అది అచ్చం అట్లాగే చూస్తోంది. ఉచ్చు విప్పాడు. పోతూ పోతూ అది చేతి మీద ఒక్క పోటు పొడిచింది. దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

మర్నాడు ఎర్రబొట్టుది చిక్కింది. ఉచ్చీరప్ప తొంగిచూసి, “మళ్ల మీయమ్మనే పట్టినావే,” అన్నాడు.

“నిన్న తెల్లబొట్టు గదన్నా మాయమ్మది? పోయిన నెల హుసేనప్పకు చిక్కింది గూడా వాళ్లమ్మేనంట. నిజం సెప్పు. ఎవరికి చిక్కితే వాళ్లమ్మేనా?”

ఉచ్చీరప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఉత్త పిట్టంటే ఇడుస్తారేమప్పా మీరు?”

పుల్లన్నకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పిట్టను వదిలేసి, మిగిలిన ఉచ్చులు కూడా పీకేశాడు.

ఆ మధ్యాహ్నం అల్లుడి విస్తట్లో గుత్తివంకాయ పడింది.

“నీటికోడి అంటిరి గద మామా?”

“ఏం సేద్దాం అల్లుడూ,” అన్నాడు పుల్లన్న, “మాయమ్మ ఒప్పుకోలేదు.”

అల్లుడు గోడ మీద దండ వేసిన ముత్తమ్మ ఫోటో వైపు ఒకసారి చూసి, ఇంకో వంకాయ వేయించుకున్నాడు.